ఫ్రీవీల్‌కి వెల్డింగ్ కొట్టిస్తే ఫిక్సీ అవుతుందా?

చైన్ క్లీనింగ్ ఎపిసోడ్ పెట్టాక చాలామంది తమ్ముళ్ళు ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, నా సింగిల్ స్పీడ్ సైకిల్‌కి ఫ్రీవీల్ వెల్డింగ్ కొట్టిస్తే ఫిక్సీ అయిపోతుందా?" అవుతుంది. మొదటిసారి గట్టిగా వెనక్కి తొక్కేదాకా అవుతుంది. ఆ తర్వాత సంగతే ఈ రోజు మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ళ కోసం ఒక్క నిమిషం. మామూలు సైకిల్‌లో తొక్కడం ఆపితే టిక్ టిక్ టిక్ అని సౌండ్ వస్తుంది, పెడల్ ఆగిపోతుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ సౌండ్ ఫ్రీవీల్‌ది. ఫిక్స్‌డ్ గేర్‌లో ఫ్రీవీల్ ఉండదు. వెనక పళ్ళ చక్రం, అంటే కాగ్, నేరుగా హబ్‌కి బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ మీ కాళ్ళు తిరగాల్సిందే. కాళ్ళతో ఎదురు నొక్కితే బండి స్లో అవుతుంది. వెలోడ్రోమ్‌లో రేసు సైకిళ్ళు ఇవే. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్ ఉంది కదా, అలాంటి ట్రాక్ మీద బ్రేకుల్లేకుండానే తొక్కుతారు. అక్కడ అందరూ ఒకే దిక్కున వెళ్తారు, సడెన్‌గా ఆటో అడ్డం రాదు. మన రోడ్డు సంగతి మీకు తెలుసు.

ఇప్పుడు అసలు పాయింట్. పచ్చడి సీసా మూత గుర్తు తెచ్చుకోండి. కుడివైపు తిప్పితే బిగుస్తుంది, ఎడమవైపు తిప్పితే ఊడుతుంది. మన ఫ్రీవీల్ కూడా హబ్ మీద అలాగే మరతో ఎక్కి ఉంటుంది. సైకిల్‌ని చైన్ వైపు నుంచి చూస్తే, ముందుకి తొక్కడం అంటే కుడివైపు తిప్పడమే. అందుకే తొక్కేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. మరి వెనక్కి బలం పెడితే? సీసా మూత తీసినట్టే. మీరు వెల్డింగ్ కొట్టించింది ఫ్రీవీల్ లోపలి భాగానికీ బయటి భాగానికీ మధ్య. హబ్‌కీ ఫ్రీవీల్‌కీ మధ్య మర అలాగే ఉంది. బండి ఆపుదామని గట్టిగా వెనక్కి తొక్కగానే ఫ్రీవీల్ మొత్తం ఊడటం మొదలవుతుంది. సరిగ్గా బ్రేక్ కావాల్సిన క్షణంలోనే బ్రేక్ పోతుందన్నమాట. చైన్ పక్కకి పడి ఇరుక్కుంటే వెనక చక్రం లాక్ అవుతుంది, అది వేరే గొడవ.

నిజమైన ట్రాక్ హబ్ మీద రెండు మెట్లు ఉంటాయి. పెద్ద మెట్టు మీద మామూలు మర, దానికి కాగ్ ఎక్కుతుంది. దాని పక్కనే చిన్న మెట్టు, దాని మీద ఉల్టా మర. దానికి లాక్‌రింగ్ ఎక్కుతుంది. కాగ్ ఊడదామని ఎడమవైపు తిరిగితే లాక్‌రింగ్‌ని కూడా అటే తోస్తుంది. దాని మర ఉల్టా కాబట్టి అది ఇంకా బిగుస్తుంది. ఎంత సింపుల్‌గా ఉందో చూడండి!

కొందరు తెలివిగా ఇంకో పని చేస్తారు. మామూలు హబ్ మీదే కాగ్ ఎక్కించి, పెడల్ ఇరుసు దగ్గరుండే లాక్‌రింగ్ తెచ్చి దాని మీద బిగిస్తారు. సైజు సరిపోతుంది, ఎందుకంటే రెండిటి మర ఒకటే: 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. కానీ ఇది కూడా కుడి మరే. రెండూ కలిసి ఊడే ఛాన్స్ ఉంది. విదేశాల్లో దీన్ని సూసైడ్ హబ్ అంటారు. పేరులోనే ఉంది. ముందు బ్రేక్ ఉంటే నడుస్తుందని వాదించేవాళ్ళు ఉన్నారు. నా మాట అడిగితే వద్దు.

కాబట్టి ఖర్చు పెట్టాల్సింది వెనక చక్రం మీద. ఫ్లిప్-ఫ్లాప్ హబ్ దొరికితే ఇంకా మంచిది. ఒక వైపు ఫిక్స్‌డ్, ఇంకో వైపు ఫ్రీవీల్. ఘాట్ రోడ్డుకి వెళ్ళే రోజు చక్రం తిప్పి పెట్టుకోవచ్చు. కొనేముందు ఫ్రేమ్ వెనక చీలికల మధ్య, లోపలి కొలత తీసుకోండి. ట్రాక్ హబ్ సాధారణంగా 120 మిల్లీమీటర్లు. చక్రం ముందుకీ వెనక్కీ జరిగేలా చీలిక అడ్డంగా పొడుగ్గా ఉండాలి, చైన్ టెన్షన్ దాంతోనే సెట్ చేస్తాం. మన పాత నల్ల సైకిళ్ళకి అలాగే ఉంటుంది. స్ప్రింగ్ టెన్షనర్ పెట్టి లాగిద్దాం అనుకోకండి, ఎదురు బలానికి అది విరుగుతుంది.

కాగ్ బిగించేముందు మరకి గ్రీజు రాయండి. బాగా బిగించాక లాక్‌రింగ్ వెయ్యండి. చైన్ మధ్యలో వేలితో కదిపితే అర అంగుళం ఆడాలి. పెడల్ నిదానంగా ఒక రౌండ్ తిప్పుతూ చూడండి, ఒకచోట వదులు, ఒకచోట టైట్ ఉంటుంది. టైట్‌గా ఉన్నచోట పెట్టి సెట్ చెయ్యాలి. నల్ల సైకిల్ అయితే పెడల్ రాడ్‌కి కాటర్ పిన్ ఉంటుంది. ఇప్పుడు బలం రెండు వైపులా పడుతుంది కాబట్టి అరిగిన పిన్ను ముందే మార్పించండి.

గేర్ సంగతి. ముందు 44 పళ్ళు, వెనక 18 అనుకుందాం. పెడల్ ఒక రౌండ్‌కి చక్రం దాదాపు 2.44 రౌండ్లు. పెద్ద చక్రాల సైకిల్ అయితే సుమారు 5.4 మీటర్లు. ఫ్లైఓవర్ దిగుతూ 40 స్పీడ్ వచ్చిందంటే మీ కాళ్ళు నిమిషానికి 120 రౌండ్లు పైనే తిరగాలి. ఆపడానికి లేదు! ఇంకోటి, 48 కి 16 పెట్టకండి. లెక్క సరిగ్గా 3 కి 1. ఒకే కాలు ముందుంచి స్కిడ్ కొట్టిన ప్రతిసారీ టైర్ ఒకేచోట అరుగుతుంది. 44 కి 18 అయితే 22 కి 9, అంటే తొమ్మిది చోట్ల పంచుకుంటుంది.

ముందు బ్రేక్ మాత్రం తీయొద్దు. బ్రిటన్‌లో రోడ్డు మీద ఫిక్సీకి ముందు బ్రేక్ ఉండాలని చట్టమే ఉంది. 2016 లో లండన్‌లో ముందు బ్రేక్ లేని ఫిక్సీ తగిలి రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయింది. తొక్కిన కుర్రాడికి 18 నెలల శిక్ష పడింది. రాడ్ బ్రేక్ అయినా సరే ఉంచండి. స్టీల్ రిమ్ మీద వానలో సరిగ్గా పట్టదు, వర్షం రోజు నిదానంగా వెళ్ళండి.

చైన్ తుడిచేటప్పుడు తిరుగుతున్న చైన్ దగ్గరికి గుడ్డ తీసుకెళ్ళకండి. మామూలు సైకిల్‌లో చైన్‌లో ఇరుక్కుంటే పెడల్ ఆగుతుంది. ఇక్కడ చక్రం వేగమంతా చైన్‌తో పాటే వస్తుంది, వేలు తెగిపోయేంత. చున్నీ, షూ లేస్, లూజు ప్యాంటు, అన్నిటికీ ఇదే రూల్.

మొదటి వారం ఖాళీ గ్రౌండ్‌లోనే తొక్కండి. కాళ్ళు ఆపే అలవాటు ఉంటుంది, ఆపగానే పెడల్ ఎత్తి విసిరినట్టు తంతుంది. మలుపులో బండి ఎక్కువ వంచకండి, లోపలి పెడల్ రోడ్డుకి తగులుతుంది. పాదానికి పట్టీ కట్టుకుంటేనే ఎదురు నొక్కడం కుదురుతుంది, మొదట్లో కొంచెం వదులుగా కట్టుకోండి. రోటాఫిక్స్ అని, చైన్‌తోనే కాగ్ బిగించే పద్ధతి ఒకటుంది. అది మాటల్లో చెప్తే అర్థం కాదు, వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తా. ఉంటా మరి.