ముట్లుడిగే వయసులో రక్తస్రావం

(మలేసియా మహిళా సదస్సులో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పండుగ సభలో ఈ మాటేమిటని కొందరనుకోవచ్చును. ఇంట్లో మాట్లాడము గనుకనే సభలో మాట్లాడవలసి వచ్చింది. రబ్బరు తోటల్లో పనిచేసిన మన అవ్వలు "ముట్లుడిగే ముందు ఇట్లాగే పోతుంది" అనేవారు. అది చాలామట్టుకు నిజమే. ఆ వయసులో అండం సక్రమంగా విడుదల కాక నెలలు అటూయిటూ అవుతాయి. కాని నెపమంతా వయసు మీద వేయరాదు.

ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్‌లు, క్యాన్సరు వైద్యులు ఎలాగూ వెదుకుతారు. మనం చెప్పకపోతే తెలియని కారణాలు మరికొన్ని ఉన్నవి.

ఏనాడో వేయించుకొని మరచిపోయిన లూపు ఒకటి. గుండెజబ్బుకు వాడే వార్ఫరిన్ రక్తాన్ని గడ్డకట్టనీయదు. రొమ్ము క్యాన్సరుకిచ్చే టామోక్సిఫెన్ గర్భసంచి లోపలి పొరను పెంచగలదు. వీటిని మీ అంతట మీరు మానరాదు, వైద్యునికి చెప్పాలి. చీనా మందుల కొట్లో కొన్న జిన్సెంగ్ సంగతి కూడా చెప్పాలి. థైరాయిడ్ లోపం, రక్తపు ప్లేట్‌లెట్లను తగ్గించే డెంగ్యూ జ్వరం, ఈస్ట్రోజెన్‌ను ఊరించే అండాశయపు కణితి కూడా కారణాలే. నలభై అయిదు దాటినా గర్భం రావచ్చును, అదీ చూడాలి.

1926లో ఫిన్లాండు వైద్యుడు వాన్ విల్లెబ్రాండ్ వర్ణించిన వ్యాధి ఒకటున్నది. ఇది వంశంలో వచ్చే రక్తదోషం. పెద్దమనిషైన నాటినుండి ఎక్కువ పోతూ, పన్ను తీయించుకుంటే రక్తం ఆగని స్త్రీని అనుమానించాలి. ఈ సంగతి తెలియక గర్భసంచి తీయబోతే ఆపరేషన్‌లోనే ప్రమాదం. అందుచేత ముందు కారణం, తరువాత కత్తి.

కొడుకును దుబాసీగా తీసుకొని వెళ్ళి, సిగ్గుపడి, "నీరసం" అని మాత్రమే చెప్పి వచ్చే తల్లులున్నారు. కూతుళ్ళారా, కోడళ్ళారా, మీరు వెంట వెళ్ళండి. అమ్మకు మలాయీలో రాని మాట మీరు చెప్పండి. ఆమె మందులన్నీ సంచిలో వేసుకొని వెళ్ళండి.

నలభై అయిదు దాటాక నెలసరి తీరు మారితే, గర్భసంచి పొర పరీక్ష అవసరమా అని అడగండి. పన్నెండు నెలలు ఆగిన తరువాత ఒక్క చుక్క కనిపించినా వైద్యునికి చూపించాలి. గంటకొక గుడ్డ తడిసినా, కళ్ళు తిరిగినా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

ఇల్లాలి ఆరోగ్యమే ఇంటికి వెలుగు. సెలవు.