పురుగు తెచ్చినోళ్లు ఒకరు, మందు కొట్టేది మనం

(కౌడిపల్లి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మక్కలు ఏసినోళ్లందరికీ కత్తెర పురుగు తెలుసు. తల మీద తిరగేసిన వై అక్షరం లాంటి గీత, తోక దగ్గర నాలుగు నల్ల చుక్కలు. సుడిలకు దిగి కూసుంటది. మందు కొడితే ఆకుల మీద పడ్తది గాని దాని మీద పడదు. ఇయ్యాల్టి పిల్లలు అది ఎప్పటి సంది ఉన్న పురుగే అనుకుంటున్నరు. కాదు. 2018 మే నెలల కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర దొరికేదాక మన దేశంల దాని జాడ లేదు. అదే వానకాలం మన తెలంగాణకు వచ్చింది.

దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 2016ల ఆఫ్రికాల కనబడ్డది, రెండేండ్లకు మన దగ్గర, 2019ల చైనాల, 2020ల ఆస్ట్రేలియాల. రెక్కల పురుగు ఎగిరొస్తే ఎవరేం చేస్తరు అని కొందరు అంటరు. నిజమే, గాలివాటం దొరికితే అది ఒక్క రాత్రిల నూరు కిలోమీటర్లు పోతది. కాని అమెరికాకు, ఆఫ్రికాకు నడుమ వేల కిలోమీటర్ల సముద్రం ఉన్నది. ఆ సముద్రాన్ని ఓడల సరుకుతోనో, విమానాల రాకపోకలతోనో దాటి ఉంటదని శాస్త్రవేత్తల అభిప్రాయం. గాలి మన తాతల కాలం నుంచీ వీస్తనే ఉన్నది కదా, మరి అన్ని ఏండ్లు పురుగు ఎందుకు రాలే? దుబాయి పోయే మన పోరగాళ్ల సంచులు ఇప్పి ఇప్పి చూస్తరు. సరుకు డబ్బాలను అంత శ్రద్ధగ చూస్తే బాగుండు.

వచ్చినంక ఖర్చు ఎవరిది? ఇమామెక్టిన్ బెంజోయేట్ లీటరు నీళ్లకు 0.4 గ్రాములు కలిపి సుడిల పడేటట్టు కొట్టాలె. పురుగు ముదిరితే అదీ సరిపోదు. పది కిలోల తవుడు, రెండు కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్లు కలిపి ఒక రోజు నానబెట్టి, వేసే ముందర థయోడికార్బ్ 100 గ్రాములు కలిపి, సుడి సుడికీ వెయ్యాలె. అది విషం, చేతులకు తొడుగులు లేకుండ ముట్టద్దు. మందు పైసలు మనయే, కూలి పైసలు మనయే.

మిర్చి మీద పడ్డ నల్ల తామర పురుగు కథ ఇంక అన్యాయం. అది ఆగ్నేయాసియా దిక్కు పురుగు. బెంగళూరుల బొప్పాయి మీద ఉన్నదని 2015లనే శాస్త్రవేత్తలు రాసిన్రు. 2021ల ఖమ్మం, వరంగల్, గుంటూరు మిర్చి చేన్లల్ల పూత మీద పడ్డది. చేన్లకు చేన్లే పీకేసిన్రు. ఆరేండ్ల ముందే కనబడ్డ పురుగును ఎవరూ పట్టించుకోలే. మన రాష్ట్రం 2020లనే ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది.

చట్టాలు లేవా అంటే ఉన్నయి. విధ్వంసక కీటకాల చట్టం 1914 నాటిది. మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు 2003ల వచ్చింది. కాని తనిఖీ తప్పించుకొని లోపలికొచ్చిన పురుగుకు దిగుమతిదారు ఒక్క రూపాయి కట్టిన ముచ్చట నేనైతే ఇనలే.

సర్కారు తల్చుకుంటే కాదా? అయితది. 2008ల కోయంబత్తూరు దగ్గర బొప్పాయి మీద మెక్సికో పిండినల్లి కనబడ్డది. మందులతోటి లొంగలే. 2010ల ప్యూర్టోరికో నుంచి దాని శత్రువులను, చిన్న పరాన్నజీవులను తెప్పించి, పెంచి తోటల్ల వదిలితే అదుపులకొచ్చింది. రైతు డబ్బా మందు కొనాల్సిన పని లేకుండనే. అసొంటి పనికి కంపెనీ రాదు, సర్కారు పరిశోధన కేంద్రమే చెయ్యాలె.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్న అంటే, మన జిల్లాల ఆయిల్‌పామ్ పెట్టుమంటున్నరు. రూగోస్ అనే సర్పిలాకార తెల్లదోమ 2016ల తమిళనాడు పొల్లాచ్చిల కొబ్బరి మీద బయటపడ్డది. తర్వాత కడియం నర్సరీలల్ల, గోదావరి జిల్లాల కొబ్బరి మీద, ఆయిల్‌పామ్ మీద కనబడ్డది. కత్తెర పురుగు లెక్క ఇది నూరు కిలోమీటర్లు ఎగరలేదు. కాని మొక్కల లారీ ఎక్కితే తెల్లారేసరికి కౌడిపల్లిల దిగుతది. దిగినంక గట్టి మందులు కొడితే దాన్ని తినే ఎన్‌కార్సియా అనే సన్న కందిరీగ చస్తది, దోమ మళ్లా లేస్తది.

కాబట్టి అధికారులకిచ్చే వినతిపత్రంల ఇదొకటి రాద్దాం: మొక్కలిచ్చే కంపెనీ ప్రతి లారీకి పురుగు లేదని రాసి సంతకం పెట్టాలె, ఉద్యాన శాఖ నర్సరీలనే తనిఖీ చెయ్యాలె, తర్వాత పురుగు బయటపడితే మొక్కల ఖర్చు కంపెనీయే ఎత్తుకోవాలె.

అది అయ్యేదాక మన పని మనం చేద్దాం. లారీ వచ్చిన్నాడు దించకముందే పది మొక్కల ఆకులు తిప్పి చూడుండ్రి. అడుగున తెల్లగ చుట్టలు చుట్టినట్టు గుడ్లు, దూదిలాంటి మైనం, కింది ఆకుల మీద జిగురు, మసి కనబడితే దించద్దు. ఫోటో తీసి, లారీ నంబరు రాసుకొని, సంఘానికి కబురు పెట్టుండ్రి.