పిందె నిలవవలెనన్న పెరటిలో పూలు ఉండవలెను
(రైతుల సమావేశములో చేసిన ప్రసంగము)



ఈనాడు నేను మీతో ఎరువులను గురించి గాని, కొత్త వంగడములను గురించి గాని మాట్లాడబోవుట లేదు. ఇంటి వెనుక పెరటిని గురించి, అందులో ఉండవలసిన కొన్ని సామాన్యమైన మొక్కలను గురించి చెప్పదలచినాను. ఇది పట్నవాసుల వేడుక, మనకెందుకని మీలో కొందరు అనుకొనవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే అనుకొన్నవాడనే. నా అభిప్రాయమును మార్చినది ఒక బీరపాదు.

కొన్నేండ్ల క్రిందట కొత్త ఇంటికి మారినప్పుడు, పెరడు శుభ్రముగా ఉండవలెనని కంచె వెంట ఉన్న తంగేడును, వావిలిని కొట్టించినాను. తుమ్మి మొక్కలను చెక్కించినాను. చుట్టూ క్రోటన్లు పెట్టి, నడుమ నాపరాళ్లు పరపించినాను. చూచినవారందరు బాగున్నదన్నారు. ఒక మూల పందిరి వేసి బీర, సొర పెట్టినాము. తీగ పందిరి నిండ అల్లుకొన్నది, పూత విరగబూసినది. కాని పిందెలు వ్రేలెడంత కాకముందే పచ్చబడి రాలిపోసాగినవి. తెగులేమోనని ఆకులు తిరగవేసి చూచినాను. పండు ఈగ కుట్టినదేమోనని పిందెలను చీల్చి చూచినాను, లోపల పురుగు లేదు. అప్పుడు పక్క ఇంటి అవ్వ వచ్చి, "నాయనా, నీ పెరట్లో ఒక్క తుమ్మెదైనా తిరుగుతున్నదా?" అని అడిగినది. చదువుకొన్నవాడను నేను; ఆ ప్రశ్న వేయవలసి వచ్చినది ఆమె!

బీర, సొర, గుమ్మడి, కాకర, దోస తీగలపై మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూయునని మీకు తెలియును. ఆడపూవు క్రింద చిన్న పిందె ఉండును. మగపూవులోని పుప్పొడి జిగురుగా ఉండుటవలన గాలికి ఎగిరిపోదు. ఏదో ఒక పురుగు మోసికొనివచ్చి ఆడపూవుపై రాల్చవలెను. అది రానిచో పిందె రాలవలసినదే. మగపూవును కోసి, రేకులు తీసి, ఆడపూవు నడుమనున్న మొనకు మన చేతితో అద్దవచ్చును. నేనును ఆ ఏడు అట్లే కొన్ని కాయలు నిలుపుకొన్నాను. పందిరి ఒకటైన సరే, ఎకరము తోటకు ఎవరు అద్దగలరు?

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి కలదు. గుమ్మడి పూవు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదరకముందే ముడుచుకొనును. దాని పని తేనెటీగలది. బీర, సొర, పొట్ల సాయంకాలము విచ్చును. వాటికి తేనెటీగ కంటె రాత్రి తిరుగు రెక్కల పురుగులు ముఖ్యము. సందెవేళ పూవు ముందు గాలిలో నిలిచి, పొడుగాటి తొండముతో తేనె త్రాగు పెద్ద చిలుకపురుగును మీరు చూచియే ఉందురు. ఒంటిరేకు నందివర్ధనము, పారిజాతము వంటి రాత్రి పూచు మొక్కలు పందిరి దగ్గర ఉన్నచో ఇట్టి పురుగులు అక్కడికి వచ్చుచుండును. పందిరి మీద రాత్రంతా పెద్ద దీపము వెలిగించిన యెడల అవి పూలను విడిచి దీపము చుట్టూ తిరుగును. కావున పడుకొనునప్పుడు దానిని ఆర్పివేయుడు.

వంగ, టమాటాల తీరు మరియొకటి. ఇవి తమ పుప్పొడితోనే కాయ కట్టగలవు. కాని ఆ పుప్పొడి మూసిన గొట్టము వంటి సంచిలో ఉండి, కొననున్న సన్నని రంధ్రము గుండానే రాలవలెను. నల్ల తుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని కుదిపినచో అది ధారాళముగా రాలును. తేనెటీగకు ఈ కుదుపుడు విద్య లేదు. తంగేడు పూవును కూడ తుమ్మెద ఇట్లే కుదిపి పుప్పొడి తీసికొనును. అందులో తేనె ఉండదు. వంగ పూత లేని నెలలలో తుమ్మెదను ఊరిలో నిలుపునది తంగేడు వంటి చెట్టే. నేను కొట్టించినది దానినే!

అసలు విషయము ఇక్కడనే ఉన్నది. మన పంట పూత రెండు నెలలు. మిగిలిన పది నెలలు ఆ ఈగలు, తుమ్మెదలు ఏమి తిని బ్రతుకవలెను? మన నేల మొక్కలు వంతులు వేసికొన్నట్లు పూయును. మాఘ ఫాల్గుణములలో మోదుగ, బూరుగ, ఉగాదికి వేప, ఆ వెనుక కానుగ, వానలకు తుమ్మి, వానల చివర రేగు, బతుకమ్మ నాటికి తంగేడు, చలికాలములో అడ్డసరము. తులసి, మునగ ఏడాదిలో పెక్కు నెలలు పూయుచునే ఉండును. ఈ వరుసలో ఎక్కడ ఖాళీ ఉన్నదో మీ ఊరిలో మీరే చూచుకొనుడు. ఆ ఖాళీలో పూచు మొక్కనే ముందు పెట్టవలెను.

పరదేశపు మొక్కలన్నియు పనికిరావని నేను చెప్పుట లేదు. మిరప, టమాటా, బంతి కూడ సముద్రము దాటి వచ్చినవే. కాని ముద్దబంతి, ముద్దమందారము కంటికి నిండుగా ఉన్నను, పుప్పొడి ఉండవలసిన చోట రేకులే ఎక్కువ. ఒంటిరేకు రకములు మేలు. పులికంప పూలపై సీతాకోకచిలుకలు మూగుట నిజమే. అయినను అది బంజరులలోనికి ప్రాకి గడ్డిని చంపును గనుక నాటవలదు.

తిండితోబాటు ఇల్లు కూడ కావలెను. తుమ్మెద ఎండు కర్రను తొలిచి గూడు చేసికొనును. నీలి చారల ఈగ మట్టిగోడలో, గట్టి నేలలో రంధ్రము చేయును. కావున పెరడంతయు సిమెంటు చేయక ఒక చారెడు మట్టి నేల వదలుడు. రెండు ఎండు దుంగలు, కొన్ని వెదురు ముక్కలు వానకు తడవని చోట ఉంచుడు. వెడల్పు మూకుడులో గులకరాళ్లు వేసి నీరు పోసినచో వేసవిలో ఈగలు మునుగక త్రాగును.

ఇక పిట్టలు. పిచ్చుక గింజలు తినునన్న మాట నిజము, కాని పిల్లలకు అది మోసికొనిపోవునది ఎక్కువగా పురుగులనే. పెంకుటిండ్లు పోయి డాబాలు వచ్చినవి, దానికి చూరు లేదు. వసారాలో ఒక చిన్న కుండను అడ్డముగా కట్టినను చాలును. వరి కంకుల కుచ్చులు వ్రేలాడదీయుట మన పెద్దల అలవాటే కదా. కరివేప పండ్లకు పిగిలిపిట్ట వచ్చును. మోదుగకు తేనెపిట్ట, గోరింక వచ్చును. చీలిన తోక గల నల్లని పసులపోలిగాడు, పాలపిట్ట కొమ్మపై కాచుకొని కూర్చుండి పురుగులను పట్టును. వేరుశనగ, శనగ చేలలో ఎకరమునకు 8 నుండి 10 పంగల కర్రలు పాతుడని వ్యవసాయ శాఖవారు చెప్పుట ఇందుకే. శనగపచ్చ పురుగును, లద్దె పురుగును అవి ఏరి తినును. వరి చేలో గింజ పాలు పోసుకొను దశకు ఆ కర్రలు తీసివేయవలెను. గుడ్లగూబ అరిచినచో కీడని చెట్టు తొర్రలు పూడ్చువారిని చూచినాను. ఎలుకలను అంతగా తిను పిట్టను వెళ్లగొట్టి, ఎలుకల మందు కొనుట ఏమి లెక్కయో నాకు బోధపడదు.

రామచిలుకల మాట అడుగుదురని తెలుసును. పొద్దుతిరుగుడు, మొక్కజొన్న వేయు రైతుకు వాటితో నష్టము కలదు, దానిని కాదనను. గింజ గట్టిపడు రోజులలో కావలి తప్పదు. కాని అదే పొద్దుతిరుగుడుకు పూత వేళ తేనెటీగలు లేనిచో తాలు గింజలు పెరుగును. గుడ్డ చుట్టిన చేతితో ప్రొద్దుట పూలను రుద్దించుటకు కూలి ఎంత అగునో మీకే తెలియును.

మందు కొట్టు వేళ కూడ ముఖ్యమే. పొద్దుతిరుగుడు, గుమ్మడి వంటి పగటి పూతలకు సాయంకాలము కొట్టుట మేలని మీరు వినియుందురు. బీర, సొరలకు అదియే చెరుపు, పూలు విచ్చునది అప్పుడే గదా. వాటికి పూతలో విషపు మందులు మానుటయే మంచిది. పురుగును ఏరివేయుడు; తప్పనిచో 5 శాతము వేప గింజల కషాయము వాడుడు.

నా పెరటి సంగతి అడిగెదరేమో. క్రోటన్లు సగము తీసివేసినాను, నాపరాళ్లు ఒక వరుస లేపినాను. తంగేడు మొక్కను బయటనుండి పెరికి తెచ్చి పెట్టితే బ్రతుకలేదు, దాని తల్లివేరు లోతునకు పోవును. గింజలను వేడినీటిలో వేసి ఒక రాత్రి నానబెట్టి, తొలకరికి కంచె వెంట నాటినచోటనే విత్తుకొనుడు. వావిలి కొమ్మ నాటినను వచ్చును. ఈ రెండింటిని పశువులు ముట్టవు, కావున కాపలా అక్కరలేదు. గింజలు కావలసినవారు సభ ముగిసిన తరువాత నా దగ్గరకు రండు. సంచిలో కొన్ని తెచ్చినాను, తలకొక పిడికెడు చొప్పున ఇవ్వగలను.