ఎలుకల మందు – నెత్తురు పరీక్ష
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పశువుల డాక్టరుగా రిటైరైనవాణ్ణి కనుక నాకు తెలిసిన దాన్ని గురించే చెబుతాను. మనలో చాలామంది ఇళ్ళలో కన్నబిడ్డలా చూసుకొనే కుక్క ఉంది. అది ఎలుకల మందు తిన్నా, దాన్ని రక్తపింజరి కరిచినా నెత్తురు గడ్డకట్టడం మానేస్తుంది. లాబొరేటరీకి పంపకుండా, జంతువు పక్కనే నిలబడి ఆ సంగతి తేల్చే పరీక్షలున్నాయి. వాటిని ఎంతవరకు నమ్మవచ్చు?

అన్నిటికన్నా తేలికైనది పాముకాటులో మనుషులకూ చేసేదే. రెండు మిల్లీలీటర్ల నెత్తురు శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. నెత్తురు ఇంకా జారుతుంటే విషం పనిచేస్తున్నదని అర్థం. అయితే గాజు తగిలితేనే ఇందులో గడ్డకట్టే పని మొదలవుతుంది. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుపొడితో కడిగిన గొట్టం వాడినా మంచి నెత్తురు కూడా జారిపోవచ్చు. నరం దొరక్క నాలుగుసార్లు పొడిచి తీసిన నెత్తురైతే కండలోని రసం కలిసి, గడ్డకట్టరానిది కూడా గడ్డకట్టవచ్చు. అందుకే నేను ఆరోగ్యంగా ఉన్న మరో కుక్క నెత్తురు రెండో గొట్టంలో పోసి, పక్కన పెట్టి పోల్చుకొనేవాణ్ణి.

1966లో హాటర్స్‌లీ అనే ఆయన మెత్తటి మట్టిపొడి వేసిన గొట్టంతో నిమిషాల్లో ఫలితం తెలిసే పద్ధతి చెప్పాడు. అది పశువైద్యంలోకీ వచ్చింది. గొట్టాన్ని 37 డిగ్రీల వేడిలో ఉంచాలి. గడ్డకట్టించే పదార్థం నూటికి 5 వంతులకు పడిపోతే గాని అది పట్టుకోలేదు.

ఇక అరచేతిలో ఇమిడే మిషన్లు. మనలో వార్ఫరిన్ వాడేవారికి ఐ.ఎన్.ఆర్. అంకె పరిచయమే. ఆ అంకె మనిషి కోసం లెక్కగట్టింది. కుక్కకు ఆ మిషను మీదే ఆరోగ్యమైన కుక్కలకు ఎంత వస్తుందో తెలిసి ఉండాలి. అన్నట్లు ఆ వార్ఫరిన్ కథ కూడా పశువులతోనే మొదలైంది. 1920లలో అమెరికా, కెనడాలలో బూజుపట్టిన గడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చచ్చిపోయేవి. ఆ ఆచూకీతో విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ బృందం చేసిన కృషి ఫలితంగా 1948లో వార్ఫరిన్ ఎలుకల మందుగా వచ్చింది. ఆ తరువాత మనుషులకు మందైంది.

అసలు చెప్పదలచినది ఇది. ఈ విషం కాలేయంలో కొత్త పదార్థం తయారు కాకుండా ఆపుతుంది. ఒంట్లో ఉన్న పాత సరుకు రెండు మూడు రోజులు నెట్టుకొస్తుంది. కనుక తిన్న రోజున పరీక్ష బాగానే వస్తుంది. ఒక ఊళ్ళో అలాగే సాయంత్రం పరీక్ష చేసి "భయం లేదు" అని పంపిన కుక్క, నాలుగో రోజు గుండెల్లో నెత్తురు నిండి పోయింది. పరీక్ష సరిగానే చెప్పింది, అడిగిన వేళే తొందరైంది.

అందుచేత మూడు మనవులు. ఒకటి, మందు పాకెట్టు వెంట తీసుకువెళ్ళండి. అన్ని ఎలుకల మందులూ ఒకటి కావు. జింక్ ఫాస్ఫైడ్ గంటల్లోనే ప్రాణం తీయగలదు, దాని సంగతి ఈ పరీక్ష చెప్పదు. రెండు, మొదటి పరీక్ష బాగుందన్నా 48 నుంచి 72 గంటల మధ్య మళ్ళీ చేయించండి. మూడు, బ్రోమాడయొలోన్ వంటి మందైతే విటమిన్ కె1 వారాల తరబడి ఇవ్వవలసి వస్తుంది. కె3 దీనికి పనికిరాదు. కుక్క హుషారుగా ఉందని మీ అంతట మీరు ఆపవద్దు. డాక్టరుగారు ఆపించిన రెండు రోజులకు మరోసారి నెత్తురు చూపించండి. కె1 ఇస్తున్నన్నాళ్ళూ పరీక్ష బాగుండడం ఆ మందు గొప్పే, విషం పోయిందనడానికి గుర్తు కాదు.