ఏటిగట్టు మీద సైకిల్



డాక్టరుగారి రౌండ్సు అయిపోగానే మీరు నన్ను అడిగేవన్నీ పేషెంటు సంగతులే. ఏం పెట్టమంటారు సిస్టర్, బిళ్ళ ఎప్పుడు వెయ్యమంటారు సిస్టర్ అని. ఈ పూట కాసేపు మీ సంగతి మాట్లాడుకుందాం. షుగరుతో మంచం మీద ఉన్నది మీ నాన్నగారో అమ్మగారో అయితే, అదే జబ్బు మీకూ వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. మీరేమో రోజుల తరబడి ఈ బెంచీల మీద కూర్చుని టీలతో కాలక్షేపం చేస్తున్నారు. అందుకని ఇంటికి వెళ్ళగానే పెరట్లో గోడకు ఆనించి ఉన్న సైకిలు బయటికి తియ్యండి.

గాలి కొట్టించి, బ్రేకులు సరిచేయించండి. పెడలు బాగా కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేంత ఎత్తులో సీటు పెట్టించండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళు నొప్పెడతాయి, ఆ నేరం సైకిలు మీదికి పోతుంది.

దారి కోసం వెతకనక్కర లేదు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. ఆ పాయల వెంట ఏటిగట్లు ఉన్నాయి. ఒకపక్క ఇసుక తిన్నెలు, లంకలు, పడవలు. రెండోపక్క కొబ్బరి తోటలు, అరటి తోటలు. దారి చదునుగా ఉంటుంది కాబట్టి ఆయాసం రాదు. బరువు సీటు మీద పడుతుంది కనుక నడిస్తే మోకాళ్ళు నొప్పెట్టేవారికి కూడా ఇది అనుకూలమే. తెల్లవారుజామున బయలుదేరండి, ఎండెక్కితే గట్టు మీద నీడ ఉండదు. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా చూసుకోండి. అలసిపోయాక ఎదురుగాలికి తొక్కడం కష్టం. ఇసుక లారీ వస్తే మాత్రం దిగి పక్కకు నిలబడండి.

వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. పక్కవారితో మాట్లాడగలుగుతూ, కీర్తన మాత్రం పాడలేకపోతే అది సరైన వేగం.

అమ్మలూ, ఇది మగవాళ్ళకే చెప్పిన మాట కాదు. అమ్మాయికి బడిలో ఇచ్చిన సైకిలు ఖాళీగా ఉంటే అదే తీసుకోండి. చీర కుచ్చెళ్ళు చైనులో పడతాయి కాబట్టి చుడీదార్ మేలు. నవ్వేవాళ్ళు రెండు రోజులు నవ్వుతారు, మూడో రోజుకు వాళ్ళకే విసుగు పుడుతుంది.

షుగరుకు మందు వాడేవారు మీతో వస్తానంటే కొంచెం జాగ్రత్త కావాలి. పరగడుపున తీసుకుపోవద్దు. ఇన్సులిన్ వాడేవారు ఆ పూట తొడకు కాకుండా పొట్టకు చేసుకోవాలి. కాళ్ళు పనిచేస్తుంటే తొడలోని మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. జేబులో గ్లూకోజు పొడి ఉండాలి. చెమట పట్టి, చేతులు వణికి, మాట తడబడితే షుగరు పడిపోతోందని అర్థం. వెంటనే దింపి మూడు చెంచాల గ్లూకోజు గానీ పంచదార గానీ నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి. ఎక్కువ తొక్కిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు, ఆ రాత్రి ఒక కన్నేసి ఉంచండి.

హవాయి చెప్పులతో తొక్కనివ్వవద్దు, కాలివేళ్ళు మూసి ఉండే బూట్లు వేయించండి. స్పర్శ తగ్గిన పాదానికి దెబ్బ తగిలినా తెలియదు. ఇంటికి రాగానే అరికాళ్ళు, వేళ్ళ సందులు మీరే చూడండి. ఈ వార్డులో కాలి పుండుతో ఉన్నవారిని అడగండి, చాలామందికి అది చిన్న గీతతో మొదలైంది.

వరదల రోజుల్లో గట్టు జోలికి పోవద్దు. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ కబురు వినగానే సైకిలు ఇంట్లో పెట్టండి. నీటికి పాములు కూడా గట్టెక్కుతాయి.

ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి చేతికి గానీ దవడకు గానీ పాకినా అక్కడే ఆగి 108ని పిలవండి, తొక్కుకుంటూ ఇంటికి రావద్దు. గుండెకు స్టెంటు వేసినవారు, షుగరు వల్ల కంట్లో రక్తం చిమ్మినవారు డాక్టరుగారు సరేనన్న తర్వాతే సైకిలు ఎక్కాలి. డిశ్చార్జి కాగితం చేతికిచ్చే రోజున ఆ మాట అడగండి. మీకు మొహమాటమైతే నాకు చెప్పండి, నేను అడుగుతాను.