సంఘం ఆఫీసుకు వైఫై: కొనేముందు కొలత ముఖ్యం
(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాల సంఘాల సభ్యుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. సహకార డిప్లొమా చదివి, సంఘాల లెక్కలు తనిఖీ చేసేవాణ్ణి. అయినా ఈరోజు వైఫై గురించి మాట్లాడుతున్నానంటే, కారణం మీ పాల డబ్బే. పూర్వం పాల లెక్క రిజిస్టరులో ఉండేది. ఇప్పుడు చాలా సంఘాల్లో తూకం, వెన్న శాతం, ధర యంత్రమే లెక్కగట్టి ఇంటర్నెట్ ద్వారా పైకి పంపుతున్నది. ఆ లెక్కను బట్టే బ్యాంకు ఖాతాలో బిల్లు పడుతుంది. నడుమ దారి తెగితే నష్టపోయేది పాలు పోసిన మనిషి.

నేను చూసిన ఒక సంఘంలో ఖరీదైన రౌటరు కొని, కార్యదర్శి గదిలో ఇనుప బీరువా మీద పెట్టారు. తూకం గది రెండు రాతి గోడల అవతల ఉంది. లెక్కలు పైకి పోక బిల్లు నాలుగు రోజులు ఆలస్యమైంది. దాణా బాకీ కట్టవలసిన ఒక అక్క నన్ను నిలదీసింది: “మా ఎనుము పాలియ్యను ఆలస్యం చెయ్యలా. మీ పెట్టె ఎందుకు చేసింది సార్?” నా దగ్గర జవాబు లేదు. తరువాత ఒక తీగ లాగి, రౌటరును తూకం గదిలో గోడకు ఎత్తుగా బిగిస్తే సమస్య తీరింది. కొత్త పెట్టె అవసరమే రాలేదు.

కాబట్టి కొనేముందు ఆఫీసు పటం గీయండి. తూకం యంత్రం, కంప్యూటరు, పాల కూలరు ఎక్కడున్నాయో గుర్తుపెట్టండి. తరువాత ఒక ఫోనులో సిగ్నల్ కొలిచే యాప్ వేసుకుని, పాలు పోసే వేళ గదిగదీ తిరగండి. మైనస్ 65 దాకా ఉంటే మంచిది. మైనస్ 75 దాటితే నమ్మరాదు. రాయి, ఇనుము, నీళ్ళ ట్యాంకు అలలను అడ్డుకుంటాయి.

జమ్మలమడుగు వైపు పాత రాతి కట్టడాల్లో ఒక్క రౌటరుతో అన్ని గదులకూ అందించాలని చూడవద్దు. ప్రొద్దుటూరు బజారులో వంటి ఇరుకుచోట్ల పక్క అంగళ్ళ వైఫైలు అడ్డుతగులుతాయి. అక్కడ 1, 6, 11 చానళ్ళలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. పులివెందుల వైపు పల్లెల్లో కూలరు షెడ్డు ఆఫీసుకు దూరంగా ఉంటే కేబులు వేయండి. మామూలు నెట్‌వర్క్ తీగ 100 మీటర్ల వరకే పనిచేస్తుంది. రెండు కట్టడాల మధ్య ఫైబరు మేలు. రాగితీగ అయితే పిడుగు దెబ్బ యంత్రం దాకా రావచ్చు.

పాల లెక్క చాలా చిన్నది. దానికి వేగం కంటే నిలకడ ముఖ్యం. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది, కానీ గోడలు దాటడంలో 2.4 గిగాహెర్ట్జే మేలు. ఇంత తక్కువ శక్తి వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్‌లో 2005 నుండి మన దేశంలో లైసెన్సు అక్కరలేదు. కదలని కంప్యూటరుకు మాత్రం తీగే వేయండి.

సాయంత్రం పాల వేళకే కరెంటు పోవచ్చు. రౌటరుకు, ఫైబరు పెట్టెకు రెండింటికీ బ్యాటరీ ఉండాలి. ఒకదానికే పెడితే లాభం లేదు. ఫైబరు తెగినప్పటికి ఒక సిమ్ రౌటరు సిద్ధంగా ఉంచండి. అదీ పోతే యంత్రం లెక్కను తనలో దాచుకుని తరువాత పంపగలదా అని కొనేముందే అడగండి.

పెట్టెతో వచ్చిన పాస్‌వర్డు ఆ రోజే మార్చండి. డబ్ల్యు.పి.ఎ.2 గాని, 3 గాని రక్షణ పెట్టండి. ఊరి పిల్లలకు వైఫై ఇవ్వదలిస్తే గెస్ట్ నెట్‌వర్కు వేరుగా ఇవ్వండి. తూకం యంత్రం ఉన్న దానిలోకి ఎవరినీ రానీయవద్దు. పాస్‌వర్డు కార్యదర్శి ఒక్కరికే తెలిసి ఉండరాదు. సీలు వేసిన కవరులో అధ్యక్షులవద్ద ఒక ప్రతి ఉండాలి.

చివరగా నా వృత్తికి సంబంధించిన మాట. మూడు కొటేషన్లు తీసుకుని, పాలకవర్గంలో తీర్మానం చేసి కొనండి. బిగించినవాడు పదిహేను రోజులు నడిపి చూపిన తరువాతనే పూర్తి సొమ్ము చెల్లించండి. ఎంత మంచి వైఫై వచ్చినా, ప్రతి పూటా చీటీ అడిగి తీసుకోండి, రిజిస్టరు మానవద్దు. అలలు కంటికి కనిపించవు. సభ్యుని చేతిలో చీటీ కనిపిస్తుంది. సంఘం మీద నమ్మకం నిలిచేది దానివల్లనే.