డాబా మీద తీపి మక్క

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు చక్కగా వివరించారు. నాకు అప్పగించిన విషయం చాలా చిన్నది. ఇంటి డాబా మీద డబ్బాల్లో స్వీట్‌కార్న్, అంటే తీపి మక్క, ఎట్లా పండించుకోవాలి అన్నది.

మనది మక్కలు తెలిసిన ప్రాంతం. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు పారినాక కాలువ కింద వరి, చెరకు పెరిగాయి. నీళ్లందని చెలకల్లో మక్క నిలిచింది. మక్క గట్క తిని బడికి పోయిన వాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. అలాంటి వాళ్లకు మక్క గురించి కొత్తగా చెప్పేదేముందని అనుకోవచ్చు. కాని చేను మక్క వేరు, డబ్బా మక్క వేరు. ఆ తేడా తెలియకనే చాలామంది రెండు మొక్కలు పెట్టి, గింజలు లేని బోడి కంకులు చూసి విసుగు చెంది మానేస్తున్నారు.

మక్కకు మగపూత పైన జల్లులో ఉంటుంది, ఆడపూత కంకి దగ్గర పీచులో ఉంటుంది. పీచులోని ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు చెందినది. ఏ పోగు మీద పుప్పొడి పడలేదో ఆ గింజ పట్టదు. చేనులో వేల మొక్కలుంటాయి కనుక ఆ పని గాలి చేస్తుంది. డాబా మీద రెండు మొక్కలుంటే పుప్పొడి గాలికి పోతుంది, పీచు ఎదురు చూస్తుంది. అందుచేత కనీసం పన్నెండు మొక్కలు ఒకేసారి విత్తాలి. డబ్బాలను గోడ వెంబడి ఒకే వరుసలో కాక, చదరంగా దగ్గర దగ్గరగా ఉంచాలి. జల్లు విచ్చినాక నాలుగైదు రోజులు, ఉదయం మంచు ఆరిన తర్వాత, జల్లును కాగితం మీద దులిపి ఆ పొడిని పీచు మీద చల్లండి. ఐదు నిమిషాల పని. మనవడికో మనవరాలికో అప్పగిస్తే వాళ్లకు వృక్షశాస్త్రం పాఠం కూడా అవుతుంది.

ఇక డబ్బాల సంగతి. 20 లీటర్ల పెయింటు బకెట్లు చాలు. బాగా కడిగి అడుగున రంధ్రాలు చేయాలి. ఒక్కో దాంట్లో రెండు మొక్కలకు మించవద్దు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలపండి. తీపి మక్క విత్తనం ముడతలు పడి ఉంటుంది, చెడిపోయిందని పారేయకండి. నానబెడితే కుళ్లే ప్రమాదం ఉంది. తడి మట్టిలో అంగుళం లోతున పెట్టండి. రంగు పూసిన విత్తనానికి మందు ఉంటుంది, చేతులు కడుక్కోవాలి, పిల్లలకు అందనివ్వరాదు. మొక్క మోకాలెత్తు వచ్చినప్పుడు ఒకసారి, జల్లు వేసేముందు ఒకసారి ఎరువు వేయాలి. జల్లు, పీచు వచ్చే రోజుల్లో నీళ్లు ఒక్కపూట కూడా తప్పరాదు.

మన ప్రాంతంలో ఇంకొక జాగ్రత్త అవసరం. చుట్టుపక్కల చేలల్లో మామూలు మక్క ఉంటే దాని పుప్పొడి గాలికి వచ్చి మన పీచు మీద పడుతుంది. అప్పుడు ఆ కంకిలోనే గింజలు తీపి తగ్గి పిండిగా తయారవుతాయి. యాసంగి మక్క అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తుతారు. కనుక మనం ఈ నెలాఖరున విత్తితే, చేలల్లో పూత అయిపోయాక మన పూత వస్తుంది. రెండు మూడు వారాల ఎడం ఉంటే చాలు.

2018లో మన దేశంలో తొలిసారి కనబడిన కత్తెర పురుగు డాబాను కూడా వదలదు. ఆకులకు చిల్లులు, సుడిలో రంపపు పొట్టు వంటి రెట్ట కనబడితే అదే. పది పన్నెండు మొక్కలకు విషపు మందులెందుకు? రోజూ పొద్దున సుడి విప్పి చూసి, పురుగును చేత్తో ఏరేస్తే సరిపోతుంది. చిలుకలు రాకుండా పాత చేపల వల కప్పండి.

పీచు వచ్చిన ఇరవై రోజులకు అది ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. గింజను గోరుతో నొక్కితే పాలు రావాలి. నీళ్లు వస్తే తొందరపడినట్టు, ముద్దగా ఉంటే ఆలస్యమైనట్టు. తెంపిన క్షణం నుండి కంకిలోని చక్కెర పిండిగా మారసాగుతుంది. పాత రకాల్లో ఒక్క రోజులోనే సగం దాకా తీపి పోతుంది. కాబట్టి పొయ్యి మీద నీళ్లు పెట్టి, తర్వాత మెట్లెక్కి కంకి తెంపండి. బజారులో ఎంత డబ్బు పెట్టినా ఆ రుచి దొరకదు. మొక్కకు ఒక్క మంచి కంకి వస్తుందంతే, దీనితో కూరగాయల ఖర్చు తగ్గుతుందని నేను చెప్పను. షుగరు ఉన్నవారు కంకి తిన్న పూట అన్నం తగ్గించుకోవాలి.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. తడిసిన బకెట్టు ఒక్కటి పాతిక కిలోలకు తగ్గదు. మన వయసులో దాన్ని ఎత్తరాదు. ఖాళీ బకెట్లను ముందు చోటులో పెట్టి, తర్వాత మట్టి నింపండి. స్లాబు మధ్యలో కాక, కింద గోడ గాని దూలం గాని ఉన్న చోట పెట్టండి. పిట్టగోడ లేని డాబా మీద ఈ పని అసలే వద్దు, వాకిట్లో ఎండ తగిలే మూల చాలు. కంకులు మళ్లీ సంవత్సరం కూడా పండుతాయి, విరిగిన తుంటి ఎముక మాత్రం అంత తేలికగా అతకదు.

ఈ పంటకు మొత్తం ఎనభై, తొంభై రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నే లేచి చూసుకోవలసిన పని ఒకటి మనకు ఉంటుంది. రిటైరైన మనిషికి అది తక్కువ లాభమేమీ కాదు.